కీబోర్డుకు ఊపిరి

పెళ్లిళ్లలో ఇప్పుడు ఆర్కెస్ట్రా అంటే చాలాచోట్ల ఇద్దరు గాయకులు, ఒక కీబోర్డు, మహా అయితే ఆక్టోప్యాడ్. అరేంజర్ కీబోర్డు ఉన్నదే అందుకు: ఎడమచేత్తో కార్డు (కలిపి నొక్కే స్వరాల గుత్తి) పట్టుకుంటే, ఎంచుకున్న స్టైల్ ప్రకారం డ్రమ్స్, బేస్, గిటారు వాటంతట అవే తోడొస్తాయి, కుడిచెయ్యి పాట చూసుకుంటుంది. అయినా మూడో పాటకల్లా జనం భోజనాల వైపు కదులుతారు. వంటలు బాగుండటం ఒక్కటే కారణం కాదు.

నిమిషానికి 100 బీట్ల వేగంలో నాలుగు నిమిషాల పాటంటే, 4/4 లెక్కన 100 బార్లు. స్టైల్‌లోని నాలుగు బార్ల ముక్క 25 సార్లు తిరుగుతుంది, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఢోలక్ మనిషి అలా వాయించలేడు. గాయని గొంతు తగ్గిస్తే చెయ్యి తగ్గిస్తాడు, పల్లవికి తిరిగొచ్చేటప్పుడు కాస్త ముందుకు తోస్తాడు. అందుకే పక్కన ప్యాడ్స్ వాయించేవాళ్లుంటే నేను స్టైల్‌లో డ్రమ్స్ మ్యూట్ చేసి బేస్, గిటారు మాత్రం ఉంచుతాను. ఎవరూ లేకపోతే, చిన్న డ్రమ్ విరుపు వేసే ఫిల్లిన్ బటన్‌ని పొదుపుగా, గాయకులు ఊపిరి తీసుకునే చోటే వాడతాను. ప్రతి నాలుగు బార్లకూ ఫిల్ వేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు.

కుడిచేతి సంగతి వేరు. వేణువు టోన్ పెట్టి రెండు మెట్లు కలిపి నొక్కితే గుట్టు అక్కడే బయటపడుతుంది. ఒక వేణువు ఒకసారి ఒక్క స్వరమే పలుకుతుంది, పైగా ఊదే మనిషికి ఊపిరి అయిపోతుంది. అందుకని వేణువు బిట్ వచ్చినప్పుడు నేనూ నోటితో గాలి వదులుతూ వాయిస్తాను, ఊపిరి అయిన చోట వేలు ఎత్తేస్తాను. చూసేవాళ్లకు నవ్వొస్తే రానీ. వయొలిన్లకి కమాను కదలాలి కాబట్టి, ఆ పని కాలికింది వాల్యూమ్ పెడల్‌ది. వీణ మీటాక క్రమంగా వాడిపోవాలి. సస్టెయిన్ పెడల్ తొక్కిపెడితే పాత స్వరాలన్నీ కొత్తవాటి మీద పేరుకుపోతాయి.

అసలు చిక్కు గమకం. మెట్ల మీద స్వరాలు విడివిడిగా ఉంటాయి, మన పాట వాటి మధ్యలో జారుతుంది. పిచ్ బెండ్ చక్రం ఉంది, మామూలుగా రెండు సెమిటోన్ల దాకా వంగుతుంది. చెన్నైకి చెందిన కీబోర్డ్ సత్య కర్ణాటక కచేరీలే దానిమీద చేస్తారు. కానీ ఆ చక్రం ఎడమవైపున ఉంటుంది, మన ఎడమచెయ్యేమో కార్డులకు కట్టుబడి ఉంటుంది! స్టైల్ పెట్టుకున్నవాళ్లు బెండ్ మానేసేది ఇక్కడే. చాలా కీబోర్డుల్లో చెయ్యి తీసినా చివరి కార్డు అలాగే నడుస్తుంది. కల్యాణి, మోహన ఛాయలున్న పాటల్లో నేను ఒక్క కార్డు పట్టి వదిలేసి, ఆ చేతిని చక్రం మీదికి తెస్తాను. పదిరకాల కార్డులు మార్చి పాటని తరిమేకంటే అదే నయం.

ఎండింగ్ బటన్ కూడా ముట్టుకోను. గాయకుడు చివరి లైను రెండుసార్లు పాడతాడో, నాలుగుసార్లో దానికేం తెలుసు? అతని మొహం చూసి స్టైల్ ఆపేసి, స్ట్రింగ్స్ ఒక్కటే పట్టి ఉంచుతాను.

తీన్మార్ అడిగితే మాత్రం నా దగ్గర లేదంటాను. కీబోర్డులో 6/8 స్టైల్ లేక కాదు. మంట దగ్గర కాచిన డప్పు ముందు అది వినబుద్ధి కాదు. బరాత్ కోసం వచ్చిన డప్పువాళ్లు బయటే ఉంటారు, వాళ్లని లోపలికి పిలవమంటాను. పెళ్లివాళ్లు వాళ్లకి ఎలాగూ బయానా ఇచ్చే ఉంటారు.