రాజుకంటే ముందు గచ్చు

మాయా నాగరికత అనగానే అడవి చెట్లపైకి తల ఎత్తిన టికాల్ ఆలయాలు, చిచెన్ ఇట్సా మెట్లు కళ్ళముందు మెదులుతాయి. అవి చాలా తర్వాతి సంగతులు. టికాల్‌లో ఇప్పుడు కనిపించే పెద్ద ఆలయాల్లో చాలావరకు క్రీ.శ. 8వ శతాబ్దం నాటివి. వాటికి దాదాపు రెండు వేల ఏళ్ళ ముందే, ఇప్పటి బెలీజ్ దేశపు ఉత్తర భాగంలో క్వేయో అనే చోట కొందరు రైతులు నేలను కాస్త ఎత్తు చేసి, సున్నపు గచ్చు పరిచి, పైన ఆకుల కప్పుతో ఇళ్ళు వేసుకున్నారు. కర్రలు, ఆకులు ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. గచ్చు, అందులో గుంజలు పాతిన గుంటలు మిగిలాయి. తొలి మాయా సమాజం గురించి మనకు తెలిసినదాంట్లో సగం ఈ గచ్చుల పుణ్యమే అంటాను.

క్వేయోలో పురావస్తు శాస్త్రవేత్త నార్మన్ హామండ్ బృందం 1975లో తవ్వకాలు మొదలుపెట్టింది. స్థలం ఒక రమ్ము బట్టీ వారిది. అడుగు పొరల్లో దొరికిన బొగ్గును కార్బన్ పరీక్షకు పంపితే క్రీ.పూ. 2000 కంటే వెనకటి తేదీలు వచ్చాయి. మాయా చరిత్ర ఒక్కసారిగా వెయ్యేళ్ళకు పైగా వెనక్కి జరిగిందని పెద్ద చర్చే నడిచింది. తర్వాత అక్కడి అస్థిపంజరాల ఎముకలనే పరీక్షిస్తే ఊరి పుట్టుక క్రీ.పూ. 1200 దగ్గరికి వచ్చి ఆగింది. ఎప్పుడో కాలిన బొగ్గు ఏ పొరలోకైనా చేరుతుంది. పాతిపెట్టిన మనిషి ఎముక మాత్రం ఆ మనిషి కాలాన్నే చెబుతుంది. హామండ్ బృందం తమ పాత లెక్కను తామే సరిదిద్దుకుంది. ఈ పరిశోధనపై నమ్మకం కుదరడానికి నాకు అదొక్కటి చాలు.

గచ్చు వేయడం చిన్న పనేమీ కాదు. యుకతాన్ పల్లెల్లో ఇటీవలి కాలం దాకా సాగిన పద్ధతి చూస్తే శ్రమ అర్థమవుతుంది. పచ్చి కట్టెలను గుండ్రంగా, మనిషెత్తు పేర్చి, పైన చితక్కొట్టిన సున్నపురాయిని పరిచి, నడుమ వదిలిన ఖాళీలోంచి నిప్పు పెడతారు. వేడి 800 డిగ్రీలు దాటితే గాని రాయి సున్నంగా మారదు. ఆ సున్నాన్ని నీటితో చల్లార్చి, సస్కాబ్ అనే పొడిపొడిగా రాలే మెత్తని సున్నపురాతి మట్టితో కలిపి నేలమీద పరిచి నున్నగా రుద్దుతారు. ఒక్క ఇంటి నేలకే బండ్లకొద్దీ కట్టెలు కావాలి. అంత శ్రమ పడి వేసిన నేలను కొన్నేళ్ళకు మట్టితో, రాళ్ళతో కప్పేసి, దానిమీద మళ్ళీ కొత్త నేల వేసేవారు. మన పాతిళ్ళ గోడలమీద పండగ పండగకూ పడిన సున్నం పూతల్లాగా ఆ నేలలు ఒకదానిమీద ఒకటి పేరుకుపోయాయి.

తవ్వకాలు జరిపేవారికి ప్రతి గచ్చూ ఒక మూత. అది చెక్కుచెదరకుండా ఉంటే, దానికింద ఉన్నదేదైనా అది వేయకముందుదే, పైన ఉన్నది తర్వాతిదే. నేలమీద ఒలికిన తిండి, కుళ్ళిన వ్యర్థాలు ఫాస్ఫేట్లను వదులుతాయి. గచ్చు నమూనాలను పరీక్షిస్తే ఎక్కడ వండారో, ఎక్కడ తిన్నారో, ఏ మూల ఊడ్చి శుభ్రంగా ఉంచారో పోల్చుకోవచ్చు. బంగారం కోసం తవ్వే దొంగకు పనికిరాని వివరాలివి. చరిత్రకు మాత్రం ఇవే కావాలి.

ఆ గచ్చుల కింద మనుషులూ ఉన్నారు. చనిపోయినవారిని ఊరవతలికి కాకుండా ఇంటి నేలకిందే పాతిపెట్టేవారు. నేల తవ్వి, దేహాన్ని ఉంచి, పైన మళ్ళీ గచ్చు పూసి, ఆ ఇంట్లోనే కాపురం సాగించేవారు. క్వేయోకు దగ్గర్లోని కషోబ్‌లో పెట్రీషియా మెకానానీ తవ్వినప్పుడు కొన్ని సమాధుల్లో అడ్డంగా, నిలువుగా గీసిన శిలువ ఆకారపు గుర్తున్న గిన్నెలు బయటపడ్డాయి. నాలుగు దిక్కులు, నడిమధ్య అనే మాయా ప్రపంచ పటం అది. పూర్వీకులు ఇంటికింద ఉంటే ఆ ఇల్లు, దాని చుట్టూ ఉన్న పొలం తమదేనని చెప్పుకునే హక్కు వారసులకు దక్కుతుందని, సామాన్యులు సాగించిన ఈ ఆచారాన్నే తర్వాతి రాజులు తమ పిరమిడ్లకు ఎత్తుకున్నారని 1995లో ఆమె రాసిన పుస్తకం వాదించింది. ముప్ఫై ఏళ్ళు గడిచినా ఆ వాదన బలం తగ్గలేదు.

అయితే అంతా ఇంటినుంచే మొదలైందంటే కథ మరీ సులువైపోతుంది. గ్వాటెమాలాలోని సెయిబాల్‌లో తకేషి ఇనోమాతా, డానియెలా ట్రియాడన్‌ల బృందం తేల్చిన వరస వేరు. అక్కడ క్రీ.పూ. 950 నాటికే ఊరుమ్మడి పూజా ప్రాంగణం ఉంది. పడమట ఒక దిబ్బ, తూర్పున పొడవాటి అరుగు, మధ్యలో ఆకుపచ్చ రాతి గొడ్డళ్ళను వరసగా పాతిపెట్టిన మైదానం. చాలా కుటుంబాలు గట్టి ఇళ్ళు కట్టుకుని స్థిరపడింది మాత్రం ఆ తర్వాతే. తిరుగుతూ బతికేవారూ, నిలిచిపోయినవారూ కలిసి ముందు కట్టుకున్నది కూడలినే.

మెక్సికోలోని టబాస్కో రాష్ట్రంలో బయటపడిన అగ్వాదా ఫేనిక్స్ ఇంకా పెద్ద ఆశ్చర్యం. పొడవు సుమారు 1,400 మీటర్లు, వెడల్పు 400, ఎత్తు 10 నుంచి 15 మీటర్లు ఉన్న మట్టి వేదిక అది. క్రీ.పూ. 1000–800 మధ్య కట్టారు. పశువులు మేసే బీళ్ళలో, జనం నివసించే చోటే ఉన్నా ఎవరికీ కనబడలేదు, అంత వెడల్పైనది కాబట్టి మామూలు మిట్ట అనుకున్నారు. విమానంలోంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలను కొలిచే లైడార్ పటంలో దాని దీర్ఘచతురస్రపు అంచులు తేలాయి. 2020లో నేచర్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. శిలువ ఆకారంలో తవ్విన గుంటలో ఉత్తరాన నీలం, తూర్పున ఆకుపచ్చ, దక్షిణాన పసుపు రంగు పదార్థాలు ఉంచారు. ఇంత నిర్మాణంలో ఏ పాలకుడి విగ్రహమూ లేదు. కొరడా పట్టుకున్న రాజు లేకుండా ఇంత మట్టి ఎవరు మోస్తారని అడిగేవారికి ఇదొక చిక్కు ప్రశ్న.

ఈ ప్రాంతపు తొలి జనం తిన్నదేమిటో ఎముకలే చెప్పాయి. దక్షిణ బెలీజ్‌లోని రాతి గుహల్లో దొరికిన అస్థిపంజరాల రసాయన పరీక్షలు, 4,000 ఏళ్ళ కిందటికే అక్కడివారికి మొక్కజొన్నే ప్రధాన ఆహారమైందని చూపాయి. ఉత్తర బెలీజ్‌లోని కోల్హాలో దొరికిన, మన కొమ్ముచెంబును తలపించే పాత్రల అడుగున అంటుకున్న మడ్డిలో కకావ్ ఆనవాళ్ళు తేలాయి. క్రీ.పూ. 600 నాటికే చాక్లెట్ పానీయం తాగారన్నమాట. ఆ పరీక్ష చేసింది హెర్షీ చాక్లెట్ కంపెనీ ప్రయోగశాల!

మరి రాజు ఎప్పుడు వచ్చాడు? 2001లో పురావస్తు శాస్త్రవేత్త విలియం సాటర్నో ఎండ తట్టుకోలేక, గ్వాటెమాలా అడవిలో దొంగలు తవ్విన సొరంగంలోకి దూరాడు. టార్చి వేస్తే గోడమీద మొక్కజొన్న దేవుడు కనిపించాడు. శాన్ బార్తోలోలోని ఆ సున్నపు గోడల చిత్రాలు క్రీ.పూ. 100 నాటివి. వాటిలో మంచెమీద కూర్చుని కిరీటం అందుకుంటున్న మనిషి ఉన్నాడు. అంటే క్వేయో తొలి గచ్చులకు వెయ్యేళ్ళ తర్వాత. ఆ కట్టడం లోపలి పాత పొరల్లో దొరికిన ముక్కలమీద '7 జింక' అనే తిథి రాసి ఉంది. అది క్రీ.పూ. 300–200 మధ్యది. 260 రోజుల ఆ పంచాంగం లెక్క గ్వాటెమాలా కొండల్లోని కిచే మాయా పల్లెల్లో ఇప్పటికీ నడుస్తోంది.

ఆ చిత్రాల గదిని కూడా మాయావారు అలాగే వదల్లేదు. కొన్ని గోడలు పగలగొట్టి, ఆ ముక్కలతో, రాళ్ళతో గదిని పూడ్చి, పైన ఇంకా పెద్ద పిరమిడ్ లేపారు. రైతు తన ఇంటి నేలకు చేసిందే రాజుగారి బొమ్మకూ జరిగింది. పగిలిన ఆ పెచ్చుల్ని వేలల్లో ఏరి, రంగులు పోల్చి, అంచులు కలిపి అతికించే పనిలో హెదర్ హర్స్ట్ బృందం ఏళ్ళ తరబడి కూర్చుంది.