ఏటన్నాడు? రిపోర్టెడ్ స్పీచ్‌కు ఉద్దానం దారి

ఉద్దానం ప్రాంతంలోని పలాసలో జీడి పిక్కల వ్యాపారిని కలిసొచ్చిన మనిషిని ఇంట్లోవాళ్లు మొదట అడిగేది "ఏటన్నాడు?" అనే. "రేపు రేటు చెప్తానన్నాడు" అని అతను బదులిస్తాడు. బస్తా ధర తేలకపోయినా, ఒకరి మాటను ఇంకొకరికి చేర్చే విద్య అక్కడ పూర్తిగా జరిగిపోయింది. ఇంగ్లీషులో రిపోర్టెడ్ స్పీచ్ అంటే ఇదే. టెక్కలి నుంచి కవిటి దాకా ప్రతి పిల్లకూ ఇంట్లో వచ్చిన ఈ విద్యనే బడిలో సూత్రాల పట్టీగా బట్టీ పట్టిస్తున్నాం. పాఠం పట్టీతో కాక, మాటను చేరవేసే మన 'అని'తో మొదలవ్వాలి.

నోట ఉన్న భాషే చదువుకు పునాది అన్న ఆలోచన ఈ చుట్టుపక్కలే పెరిగింది. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో రైలు వచ్చేనాటికి, అక్కడ గిడుగు రామమూర్తి పంతులుగా ఉన్నారు. సవర గిరిజనుల భాషను వాళ్ల నోటి నుంచే నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్ల పిల్లలకు వాచకాలు రాశారాయన. ఇంగ్లీషు నేర్పేటప్పుడూ ఆ వరసే మనకు దారి.

మొదట చూడాల్సింది మనిషిని. "నేను వస్తాను" అని రాజు అన్న మాటను మనం "తను వస్తానన్నాడు" అని చెబుతాం. 'నేను' పోయి 'తను' వచ్చింది, క్రియ మాత్రం 'వస్తాను'గానే ఉంది. అదే "వస్తాడన్నాడు" అంటే వచ్చేది వేరొకడు. ఇంగ్లీషులో ఈ రెంటికీ 'హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్' ఒక్కటే వాక్యం. తెలుగు క్రియ చూపించే తేడా ఇంగ్లీషు క్రియలో కనబడదు. అందుకే వాక్యం మార్చేముందు 'వచ్చేదెవరు?' అని పిల్లల చేత అడిగించాలి.

తర్వాత కాలం. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అన్నది నిన్నయినా తెలుగులో 'వస్తాను' మారదు కాబట్టి, ఇంగ్లీషులోనూ 'హీ సెడ్ దట్ హీ విల్ కమ్' అని రాసేస్తారు. 'సెడ్' అన్నాక లోపలి క్రియ సాధారణంగా ఒక అడుగు వెనక్కి వెళ్తుంది: 'యామ్' 'వజ్' అవుతుంది, 'విల్' 'వుడ్' అవుతుంది, 'కెన్' 'కుడ్' అవుతుంది, 'హావ్' 'హాడ్' అవుతుంది. 'సేస్' అంటే మార్పు అక్కర్లేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నలాంటి నిత్యసత్యాన్నీ కదపక్కర్లేదు.

రోజు, చోటు తెలియాలంటే చెప్పేవాడు ఎప్పుడు, ఎక్కడ ఉన్నాడో చూడాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. "రేపు ఇక్కడ తీరం దాటుతుంది" అని ముందురోజు పలాసలో ఎవరో అన్నారనుకుందాం. ఆ మాటను ఇవాళ చెప్పేటప్పుడు 'టుమారో' చెల్లదు, 'ద నెక్స్ట్ డే' అనాలి. విశాఖలో ఉండి చెబితే 'హియర్' కాస్తా 'దేర్' అవుతుంది. పలాసలోనే ఉండి చెబితే 'హియర్' అలాగే ఉండొచ్చు. ఈ సంగతి అర్థమైన పిల్లకు పట్టీ బట్టీ పట్టే పని ఉండదు.

ఆజ్ఞలు మనకు మరీ దగ్గర. 'అమ్మ రమ్మంది' అన్నదే 'మదర్ టోల్డ్ మీ టు కమ్'. 'వెళ్లొద్దంది' అంటే 'టోల్డ్ మీ నాట్ టు గో'. 'వచ్చాడో లేదో అడిగింది' అన్నప్పుడు ఆ 'ఓ లేదో' చేసే పనిని ఇంగ్లీషులో 'ఇఫ్' చేస్తుంది. 'ఎక్కడికెళ్తున్నావు?' లాంటి ప్రశ్న మాత్రం మామూలు వాక్యం వరసలోకి రావాలి: 'హీ ఆస్క్‌డ్ వేర్ ఐ వజ్ గోయింగ్'. 'వజ్ ఐ' అనకూడదు.

ఈ పాఠం విలువ పరీక్ష మార్కులతో అయిపోదు. కిడ్నీ జబ్బు ఇన్నేళ్లుగా పీడిస్తున్న ఉద్దానంలో డాక్టరు మాటను ఇంటికి చేర్చడం పెద్ద బాధ్యత. 'మందు మానమన్నారు', 'మందు మానొద్దన్నారు' అన్న మాటల మధ్య ఒక ప్రాణం ఉంది. మనకు 'రేటు పెరుగుతుందట' అనడంలోని 'అట' అనే సౌకర్యమూ ఉంది. ఎవరన్నారో చెప్పకుండానే కబురు సాగిపోతుంది. 'సెడ్' వాడాలంటే మాత్రం అన్న మనిషిని ముందు నిలబెట్టాలి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో తేల్చుకునే ఈ అలవాటు పుకార్ల కాలంలో పిల్లలకు ఎంతో అవసరం.

కాబట్టి తరగతిలో ముగ్గురిని నిలబెట్టండి. మొదటివాడు ఒక మాట అంటాడు. మూడోవాడు "ఏటన్నాడు?" అని అడుగుతాడు. రెండోవాడు ముందు మన యాసలో, తర్వాత ఇంగ్లీషులో చెబుతాడు. ఆ మాట తనదో కాదో మొదటివాడే తీర్పు చెబుతాడు. ఏది మారిందో, ఏది మారలేదో పిల్లలే పట్టుకున్నాక సూత్రం బోర్డు మీద రాయండి. అప్పటికది వాళ్లు కనిపెట్టిన సూత్రం అవుతుంది, అందుకే గుర్తుంటుంది.