సర్వర్ విప్పే విద్య

మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీసుకున్నా, కిరాణా కొట్లో ఫోన్‌తో డబ్బు కట్టినా, రైలు టికెట్ బుక్ చేసినా ఆ పని ఎక్కడో ఓ చల్లటి గదిలో, ఇనుప చట్రంలో బిగించిన సర్వర్ చేసిపెడుతుంది. అది పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాని పార్టులు పాడవుతూనే ఉంటాయి. ఫ్యాన్లు అరిగిపోతాయి, డిస్కులు మొరాయిస్తాయి, పవర్ సప్లైలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. ఇన్ని జరిగినా మన పని ఆగదు. యంత్రం నడుస్తుండగానే పాడైన పార్టు తీసి కొత్తది పెట్టగల మనుషులు ఉండబట్టే ఆగడం లేదు. వాళ్లది నిఖార్సైన చేతిపని. దానికి రావలసినంత గౌరవం మన దగ్గర రాలేదని నా అభిప్రాయం.

సర్వర్లను నిలబెట్టే 19 అంగుళాల ర్యాక్ కంప్యూటర్లకంటే పాతది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో రిలేలు బిగించడానికి వాడిన చట్రమే తర్వాత రేడియో పరికరాలకు, ఆపైన సర్వర్లకు పనికొచ్చింది. ముందు పలక వెడల్పు 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును ‘యూ’ల్లో కొలుస్తారు. ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు, మామూలు ర్యాక్ ఎత్తు 42 యూలు. ఈ కొలతలు మారకపోవడం వల్లే ఒక కంపెనీ సర్వర్ కింద ఇంకో కంపెనీ నెట్‌వర్క్ స్విచ్ ఇమిడిపోతుంది, ఒకచోట పని నేర్చుకున్న కుర్రాడు ఏ డేటా సెంటర్‌కు వెళ్లినా తడబడడు.

సర్వర్‌ను రైల్స్ మీద ముందుకు లాగేటప్పుడే మొదటి ప్రమాదం పొంచి ఉంటుంది. డిస్కులు నిండిన 2యూ సర్వర్ పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది. పాత ఇనుప బీరువాలో సొరుగులన్నీ ఒకేసారి లాగితే ఏమవుతుందో ర్యాక్‌లో రెండు మూడు సర్వర్లు ఒకేసారి ముందుకు లాగినా అదే అవుతుంది. అందుకే బరువైనవి అడుగున ఉంచుతారు, ఒకసారి ఒక్కటే లాగుతారు, ర్యాక్ కాళ్లు నేలకు ఆని ఉన్నాయో లేదో ముందే చూసుకుంటారు. ర్యాక్‌లోంచి పూర్తిగా దించాల్సి వస్తే ఇద్దరు పట్టుకోవాలి. పైవరుసల్లో ఉంటే లిఫ్ట్ బండి తెచ్చుకోవాలి. ఒంటిచేత్తో దించగలనని చూపించుకునే వాళ్లను ఈ పనికి దూరంగా ఉంచడమే మేలు.

ఇక అసలు విద్య దగ్గరికి వద్దాం. ఈ పనిలో కొంప ముంచేది కరెంటు షాకో బరువో అని బయటివాళ్లు అనుకుంటారు. లోపలివాళ్లు ఎక్కువగా భయపడేది మాత్రం ఒక్కదానికి: పాడైనది వదిలేసి బాగున్నది పీకేయడానికి.

డిస్కు మార్చడమే తీసుకుందాం. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఓ పరిశోధన పత్రం రాశారు. ఖరీదైన ఒక్క పెద్ద డిస్కు బదులు చవకైన చిన్న డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చని, వాటిలో ఒకటి పోయినా సమాచారం పోకుండా చూసుకోవచ్చని అందులో వాదించారు. దాన్నే రెయిడ్ అంటున్నాం. రెయిడ్ 5 పద్ధతిలో ఎనిమిది డిస్కులున్నాయనుకోండి. ఒకటి పోయినా మిగిలిన ఏడింటి నుంచి పోయినదాన్ని లెక్కగట్టి తిరిగి రాయొచ్చు. కానీ ఆ ఒకటి పోయిన క్షణం నుంచి మిగిలిన ఏడింటిలో ప్రతిదీ ప్రాణాధారమే. ఆ సమయంలో పొరపాటున బాగున్న డిస్కు లాగితే మొత్తం సమూహం కుప్పకూలుతుంది. అంతసేపూ యంత్రాన్ని కాపాడినది రెయిడ్ అయితే, ముంచేది మనిషి చెయ్యి అవుతుంది.

ఆ చెయ్యి తప్పు చోట పడకుండా ఉండటానికి ఈ వృత్తిలో కొన్ని అలవాట్లు స్థిరపడ్డాయి. డిస్కు స్లాట్ల లెక్క చాలా సర్వర్లలో సున్నాతో మొదలవుతుంది. అలాంటి వాటిలో తెర మీద ‘స్లాట్ 3’ అని కనిపిస్తే అది నాలుగో డిస్కు. లెక్క పక్కకు పోతుందా, కిందికి పోతుందా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. వేళ్లతో లెక్కపెట్టి లాగేవాడు ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతింటాడు. తెలిసినవాడు ముందు మేనేజ్‌మెంట్ తెరలోకి వెళ్లి ఆ డిస్కు లైటు వెలిగిస్తాడు. సర్వర్‌కు ముందూ వెనకా ఉండే నీలం గుర్తింపు లైటు కూడా వెలిగిస్తాడు. ఒకేలాంటి ఇరవై యంత్రాలున్న ర్యాక్‌లో ముందు నుంచి వెనక్కి తిరిగి వెళ్లేసరికి ఏది ఏదో తేల్చేది ఆ నీలం లైటే. ఆ తర్వాత సీరియల్ నంబరు. మంచి జట్లలో దీన్ని పైకి చదువుతారు.

“స్లాట్ మూడు అన్నా, లైటు వెలుగుతోంది. చివరి నాలుగు చెప్పండి.”

“ఏడు, కె, రెండు, ఎం. నీ దగ్గరున్న లేబుల్ మీద?”

“అదే ఉందన్నా. లాగనా?”

“లాగు.”

చూసేవాళ్లకు ఇదంతా చాదస్తంగా అనిపించొచ్చు. తెల్లవారుజామున నిద్ర ముంచుకొస్తుండగా పనిచేసే ఇద్దరిని కాపాడేది ఈ చాదస్తమే. డిస్కు బయటకు తీసేదాకా లేబుల్ కనిపించని సర్వర్లూ ఉన్నాయి. వాటికి ఏ స్లాట్‌లో ఏ సీరియల్ ఉందో సర్వర్ బిగించిన రోజే కాగితం మీద రాసిపెట్టుకునే జట్లను చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలి.

లాగడంలోనూ ఒక పద్ధతి ఉంది. లోపల పళ్లెం తిరిగే పాతరకం డిస్కయితే గొళ్లెం విప్పి, ఓ అంగుళం బయటికి లాగి అక్కడే ఆపాలి. కరెంటు తెగిపోయినా నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లెం ఠక్కున ఆగదు. అర నిమిషం ఆగి, చేతికి తెలిసే ఆ సన్నటి వణుకు పోయాక బయటికి తీయాలి. తిరుగుతున్నదాన్ని పక్కకు వంచితే పళ్లెం గీసుకుపోవచ్చు. పోయిన డిస్కే కదా అనుకోవద్దు, అందులోంచి ఏదైనా వెలికితీయాల్సిన అవసరం రేపు రావచ్చు.

కొత్త డిస్కు సైజు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. పెట్టగానే లైటు మినుకుమినుకుమంటూ పునర్నిర్మాణం మొదలవుతుంది. ఇది గంటలో అయ్యే పని కాదు. 16 టెరాబైట్ల డిస్కులో సెకనుకు 200 మెగాబైట్లు రాసుకుపోయినా 22 గంటలు పడుతుంది. సర్వర్ అవతల జనానికి పనిచేస్తూ ఇవతల ఇదీ చేయాలి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఆ గంటలన్నీ గండం గడవనట్టే లెక్క. కాబట్టి బ్యాకప్ సరిగ్గా ఉందో లేదో డిస్కు లాగాక చూసుకుంటే ఏం లాభం? లాగకముందే చూడాలి.

నడుస్తుండగా ఏది ముట్టుకోవచ్చో యంత్రమే రంగులతో చెబుతుంది. డెల్, లెనోవో సర్వర్లలో నారింజ రంగు, హెచ్‌పీ సర్వర్లలో ముదురు ఎరుపు పిడి కనిపిస్తే అది నడుస్తుండగా తీయదగ్గ పార్టు. నీలం రంగు ‘ఇక్కడ పట్టుకో’ అని చెబుతుందే గానీ, ‘ఇప్పుడే లాగు’ అని చెప్పదు. ఈ తేడా కొత్తవాళ్లకు మొదటిరోజే నూరిపోయాలి.

పవర్ సప్లైలు సాధారణంగా రెండుంటాయి. ఒకటి తీసేముందు రెండోది బతికే ఉందా అని చూస్తే సరిపోదు. రెండూ వేర్వేరు కరెంటు లైన్లకు తగిలించి ఉన్నాయా అని వైరు చివరిదాకా చేత్తో తడుముతూ వెళ్లి చూడాలి. హడావిడిలో ఎవరో రెండు వైర్లూ ఒకే పట్టీకి గుచ్చేసి ఉండొచ్చు. ఇంకో చిక్కుంది. రెండు సప్లైలూ కరెంటు భారాన్ని చెరిసగం మోస్తున్నప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. మొత్తం భారం ఒక్కదాని శక్తికి మించి ఉంటే మాత్రం రెండోది తీసిన వెంటనే సర్వర్ ఆరిపోవచ్చు. వాట్లు చూసుకోవడం అందుకే. తీసిన సప్లైని ఎందుకు పోయిందో చూద్దామని విప్పకూడదు. లోపలి కెపాసిటర్లు ప్లగ్ పీకాక కూడా ప్రాణాంతకమైన వోల్టేజీని దాచుకుని ఉంటాయి.

ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు మార్చాలంటే సర్వర్‌ను ఆపాల్సిందే. ఆపడమంటే బటన్ నొక్కడంతో అయిపోదు. వైరు తగిలించి ఉన్నంతసేపు బోర్డులో కొంత కరెంటు పారుతూనే ఉంటుంది, దూరం నుంచి సర్వర్‌ను ఆన్ చేయగల చిన్న కంట్రోలర్ మేలుకునే ఉంటుంది. రెండు వైర్లూ పీకి, పవర్ బటన్ ఓసారి నొక్కిపట్టి, బోర్డు మీది చిన్న లైటు ఆరిపోయిందని కళ్లతో చూశాకే చెయ్యి పెట్టాలి.

కంటికి కనిపించని శత్రువు స్టాటిక్ కరెంటు. చలికాలంలో ఉన్ని స్వెటర్ విప్పుతుంటే చిటపటమనేది అదే. మన వేలికి చురుక్కుమని తెలియాలంటే మూడు వేల వోల్టుల దాకా ఉండాలి. చిప్ చెడిపోవడానికి వంద వోల్టులు కూడా అక్కర్లేని సందర్భాలున్నాయి. అంటే మనకేమీ తెలియకుండానే చంపేయొచ్చు. అంతకన్నా చెడ్డది, చంపకుండా గాయపరచడం. ఆ ర్యామ్ ఈరోజు పనిచేస్తుంది, ఎప్పుడో ఓ అర్ధరాత్రి కారణం తెలియకుండా తప్పులు చేయడం మొదలుపెడుతుంది. మణికట్టుకు కట్టుకునే పట్టీ ఈ గొడవంతా లేకుండా చేస్తుంది. అందులో పది లక్షల ఓముల నిరోధకం ఉంటుంది. ఒంట్లోని చార్జ్ మెల్లగా దిగిపోతుంది. పొరపాటున 230 వోల్టుల తీగ తగిలినా పట్టీ గుండా పారేది మిల్లీ ఆంపియర్‌లో పావు వంతే. పట్టీ క్లిప్పును రంగు వేయని లోహానికి తగిలించాలి. పెయింటు మీద తగిలిస్తే కట్టుకున్నా కట్టుకోనట్టే.

ప్రాసెసర్ సాకెట్ ముందు మాత్రం ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ఊపిరి బిగబడతారు. ఇంటెల్ ఎల్‌జీఏ 4677 సాకెట్‌లో, పేరులో ఉన్నట్టే, 4,677 వెంట్రుకల్లాంటి పిన్నులుంటాయి. వేలు తగిలినా, ప్రాసెసర్ ఓ మూల జారినా పిన్ను వంగుతుంది. అప్పుడు మారేది మదర్‌బోర్డే. ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్‌ను ఈ సాకెట్ మీద అటూ ఇటూ కదపకుండా, మరలన్నీ వదులు చేశాక నిటారుగా పైకెత్తాలి; ప్రాసెసర్ దానితోపాటే వస్తుంది, రెండింటి మధ్య ఉన్న పాత పేస్ట్ పట్టును బయటికి తీశాకే విడిపించాలి. ఆ పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది మాన్యువల్ చెప్పిన మేరకే పెట్టాలి. మరలు ఒక పక్క నుంచి వరసగా బిగిస్తే ఒత్తిడి ఓ మూలకు పోతుంది. చాలా హీట్‌సింక్‌ల మీద వరస అంకెలు వేసే ఉంటాయి, వాటి ప్రకారమే కొంచెం కొంచెంగా బిగించాలి.

మూత సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సర్వర్‌లో గాలి ముందు నుంచి వెనక్కి ఒక దారిన పోయేలా ప్లాస్టిక్ తొడుగు అమర్చి ఉంటుంది. మూత తీసి ఉంచితే ఫ్యాన్లు ఎంత గట్టిగా అరిచినా గాలి పైకి పోతుందే గానీ ప్రాసెసర్‌కు చేరదు. నడుస్తుండగా ఫ్యాన్ మార్చాల్సి వస్తే కొత్త ఫ్యాన్ ముందే విప్పి పక్కన పెట్టుకుని, మూత తీసి, మార్చి, నిమిషాల్లో మూసేయాలి. ఖాళీ స్లాట్లలోని డమ్మీ పలకలను కూడా పారేయొద్దు, గాలి దారి తప్పకుండా చూసేవి అవే.

మూత పెట్టాక పని సగమే అయినట్టు. సర్వర్ తనకు తాను రాసుకునే లాగ్‌లో కొత్త తప్పులేమైనా పడ్డాయా, ర్యామ్ మొత్తం కనిపిస్తోందా, కొత్త పార్టును లోపలి నుంచి నడిపే ఫర్మ్‌వేర్ మిగతావాటితో సరిపోయిందా చూడాలి. నీలం లైటు ఆర్పాలి. పాత, కొత్త సీరియల్ నంబర్లు ఆ పని నమోదు చేసిన టికెట్‌లో రాయాలి. తీసిన డిస్కును తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, ఎందుకంటే పోయిన డిస్కులో కూడా జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు చదవదగ్గ స్థితిలో ఉండొచ్చు.

ఈ విద్య ఎక్కువగా నైట్ షిఫ్టుల్లో, పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నదే. మాన్యువళ్లు ఇంగ్లిష్‌లో ఉన్నా చేతిని సరిదిద్దేది మాత్రం తెలుగే. ఇప్పుడు దీని అవసరం మన దగ్గరే పెరుగుతోంది. జాతీయ ఇన్‌ఫర్మాటిక్స్ కేంద్రం డేటా సెంటర్ హైదరాబాద్‌లో ఎప్పటినుంచో ఉంది. అమెజాన్ 2022 నవంబరులో అక్కడే తన క్లౌడ్ రీజియన్ తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. భవనాలు, భూములు, మెగావాట్ల గురించి ఎంతో మాట్లాడుకుంటున్నాం. ఆ ర్యాక్‌ల ముందు నిలబడే చేతుల గురించి మాట్లాడటం లేదు.

పాలిటెక్నిక్, ఐటీఐ ప్రిన్సిపాళ్లకు నా మనవి ఒకటుంది. పెద్ద సంస్థలు కొన్నేళ్లకోసారి మంచి సర్వర్లనే పాతవని తీసేస్తుంటాయి. డిస్కులు తీసేసి ఒక ర్యాక్, రెండు సర్వర్లు ఇమ్మని అడగండి. చవకగా దొరికే చిన్న డిస్కులు, రెండు మణికట్టు పట్టీలు, మర ఎంత బిగించాలో అంతే బిగించే ఒక టార్క్ స్క్రూడ్రైవర్ కొనండి. నడుస్తున్న రెయిడ్‌లోంచి తప్పు డిస్కు లాగితే ఏం జరుగుతుందో పిల్లలకు మీ ల్యాబ్‌లోనే ఒకసారి చూపించండి. పోగొట్టుకునే సమాచారం ఏదీ లేని చోట ఆ పాఠం నేర్చుకోనివ్వండి.