బూడిద సిమెంటుకు పది రోజుల నీళ్లు

ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలోనే మొదలైంది. ఇంటికి 5 లక్షల రూపాయలు. అడవి అంచు ఊళ్లలో ఆ డబ్బు ఎక్కువగా సిమెంటు, ఇనుము, ఇటుకల రూపంలోనే దిగుతుంది.

ఇక్కడి కోయ గిరిజనుల పాత ఇల్లు కర్రలు, తడికలు, మట్టి, తాటాకులతో లేచేది. బట్టీ పని లేదు, లారీ పని లేదు. కానీ గోడకు ఏటా పూత, కప్పుకు కొత్త ఆకు, దూలాలకు చెదలు, ఎండాకాలం నిప్పు భయం. మట్టి ఇంటిని మెచ్చుకోవడం పట్నంవాళ్లకు తేలిక, ఏటా అలికే ఆడవాళ్లకు కాదు. వాళ్లు స్లాబు కోరుకోవడంలో తప్పేమీ లేదు. స్లాబు వేసుకుంటూనే కర్బనం ఎక్కడ తగ్గించవచ్చో చూడాలి.

సిమెంటుకు ప్రాణం క్లింకర్. సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే అది తయారవుతుంది. టన్ను క్లింకర్‌కు దాదాపు 850 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అందులో 500 కిలోలకు పైగా వచ్చేది రాయిలోంచే. బట్టీలో బొగ్గు మానేసినా ఆ భాగం తగ్గదు. క్లింకర్ వాడకాన్నే తగ్గించాలి.

దాని బదులు కలపగల సరుకు పాల్వంచలోనే ఉంది. అక్కడ 1966లో మొదలైన కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చేశారు. కొత్త యూనిట్లు మాత్రం బొగ్గు కాలుస్తూనే ఉన్నాయి. మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం కూడా అంతే. రెండుచోట్లా మిగిలేది బూడిదే.

ఆ బూడిదను 15 నుంచి 35 శాతం దాకా కలిపిందే పీపీసీ సిమెంటు. బూడిద ఇటుకలకైతే కాల్చే బట్టీయే అక్కర్లేదు. అలాగని వాటి లెక్క సున్నా కాదు: చాలా ఇటుకల్లో సిమెంటు పడుతుంది, బూడిద వెనక కాలిన బొగ్గు ఉంది. అయితే ఆ బొగ్గు ఎలాగూ కరెంటు కోసం కాలిపోయింది. మిగిలిన బూడిదను చెరువుల్లో పోసేకన్నా గోడల్లో పెట్టడం మేలు.

చిక్కంతా మేస్త్రి దగ్గర వస్తుంది. పీపీసీ నిదానంగా గట్టిపడుతుంది. ఓపిక లేనివాళ్లు దాన్ని మెతక సిమెంటు అనుకుని, ధైర్యం కోసం ఇంకో బస్తా వేస్తారు. బూడిద వల్ల తగ్గిన కర్బనం ఆ బస్తాతో మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఐఎస్ 456 ప్రమాణం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసినదానికి కనీసం 10 రోజులు తడి ఆరనివ్వొద్దంటుంది. కొత్తగూడెం ఎండల్లో, బోరు ఎండిన ఊళ్లో, ఆ మూడు రోజులే కష్టం. గోనెపట్టాలు పరచి, చుట్టూ మట్టిగట్టు కట్టి నీళ్లు నిలపాలి.

పథకం బిల్లు దశలవారీగా వస్తుంది: పునాది, గోడలు, స్లాబు, పూర్తయిన ఇల్లు. స్లాబు పడ్డాక నీళ్లు పట్టే రోజులకు అందులో విడిగా దశ లేదు, నీళ్లు మోసిన కూలీకి విడిగా డబ్బూ లేదు.