పూర్ణా మార్కెట్ కాటా మీద టెట్రిస్ పాట

టెట్రిస్ ఒక్కసారి ఆడినవాళ్ళు కూడా దాని పాటని మర్చిపోలేరు. 1989లో నింటెండో గేమ్‌బాయ్ మీద వచ్చిన ఆ ఆటలో, పైనుంచి ముక్కలు పడుతూంటే వెనక పరిగెత్తే బాణీ అది. జపాన్‌వాళ్ళు కట్టిన బాణీ అనుకుంటారు చాలామంది. నిజానికది రష్యా జానపదం. పేరు కోరొబైనికి. 1861లో నెక్రాసోవ్ రాసిన దీర్ఘకవితలోంచి జనం నోళ్ళలోకి వచ్చింది. పెట్టె భుజాన వేసుకుని ఊరూరా తిరిగి బట్టలమ్మే వర్తకుడు, అతనితో బేరమాడే అమ్మాయి, ఇదీ అందులో సంగతి. ఆ పెట్టెలో అచ్చు అద్దిన నూలుబట్ట కూడా ఉంది. ఆ బట్ట మీద యూరప్‌కి మోజు పుట్టించిన తీరాల్లో మన మచిలీపట్నం ఒకటి. పొద్దున్నే విశాఖ పూర్ణా మార్కెట్లో బేరాలు వింటూ పెరిగిన నాకు ఈ పాట పరాయిదిగా తోచలేదు. మన చప్పుళ్ళతో దీన్ని అమర్చాలనిపించింది అందుకే.

గేమ్ సంగీతాన్ని మళ్ళీ అమర్చే పని లోకంలో కొత్తదేం కాదు. డ్రాగన్ క్వెస్ట్ ఆట 1986లో వస్తే, దాని సంగీతాన్ని కొయిచి సుగియామా 1987కల్లా టోక్యోలో కచేరీ వేదిక ఎక్కించేశారు. 1999లో అమెరికాలో డేవిడ్ లాయిడ్ మొదలుపెట్టిన ఓవర్‌క్లాక్డ్ రీమిక్స్ బృందాన్ని పిలిచి, స్ట్రీట్ ఫైటర్ ఆటకి 2008లో వచ్చిన కొత్త కూర్పు కోసం పాత పాటల్ని అమర్చిపెట్టమని క్యాప్‌కామ్ కంపెనీయే అడిగింది. 2022లో ది 8-బిట్ బిగ్ బ్యాండ్ వాళ్ళు కిర్బీ ఆటలోని ఒక పాటని జాజ్ వాద్యబృందానికి అమర్చి, అరేంజ్‌మెంట్ విభాగంలోనే గ్రామీ కొట్టారు. బాణీ ఇంకొకరిది, బహుమతి అమరికకి. మా పనిని విడిగా గుర్తించారన్నమాట.

అమర్చేముందు అసలుది ఎలా కట్టారో తెలియాలి. గేమ్‌బాయ్‌లో సంగీతానికి ఉన్నవి నాలుగే ఛానళ్ళు. రెండు చదరపు తరంగాలు, ఒకటి మనకి కావలసిన ఆకారం ఇచ్చుకోగల తరంగం, ఒకటి ఉత్త బుసబుస. అంతే. తొంభైలలో మన ఇళ్ళలో టీవీకి తగిలించి ఆడుకున్న మీడియా, లిటిల్ మాస్టర్ పెట్టెలు నింటెండో ఫామికామ్‌కి నకళ్ళు, వాటిలో ఐదు. ఒక్కో ఛానల్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. మూడు స్వరాల కార్డు కావాలంటే? ఆ మూడింటినీ ఒకే ఛానల్లో కన్నుమూసి తెరిచేలోగా ఒకదాని వెంట ఒకటి తిప్పేవాళ్ళు. చెవి వాటిని కలిపి వింటుంది. పెద్ద హాల్లో వాయించిన గుంగుమ్మనే ధ్వని కావాలంటే, రెండో ఛానల్లో అదే బాణీని రవ్వంత ఆలస్యంగా, మెల్లగా వినిపించేవాళ్ళు. బుసబుసని తుంచి తుంచి డ్రమ్ము చేసేవాళ్ళు. టెట్రిస్ పాటల్ని గేమ్‌బాయ్‌కి కూర్చిన హిరొకజు తనకా ఇలాంటి ఇరుకులోనే పనిచేశారు. అంటే మనం విన్నదీ ఒక అరేంజ్‌మెంటే.

అందుకే ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళకి నేను మొదట చెప్పేది, వెంటనే కీబోర్డు మీద చెయ్యి వెయ్యద్దని. ఛానళ్ళని ఒక్కొక్కటిగా ఆపి వినిపించే ప్లేయర్లున్నాయి. బాణీని మూసేసి బేస్ ఒక్కటే వినండి. తర్వాత బుసబుస ఒక్కటే. నాలుగు గొంతులే ఉన్నచోట పనిలేని స్వరం ఒక్కటీ ఉండదు. ఏ స్వరం ఎందుకుందో తెలియకుండా దాని మీద వంద వయొలిన్లు పోస్తే పాట పెద్దదవుతుంది గానీ బాగుపడదు. చాలా రీమిక్సులు నాకు నచ్చకపోయేది ఇక్కడే.

ఇక వర్చువల్ వాద్యాల సంగతి. నిజం వాద్యాన్ని ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి, కంప్యూటర్లో కీబోర్డు మెట్లకి తగిలిస్తే అదే వర్చువల్ వాద్యం. 1983లో వచ్చిన మిడి భాషలో మనం మెట్టు నొక్కిన సంగతీ, ఎంత బలంగా నొక్కామన్నదీ అంకెలుగా వెళ్తాయి. 1996లో స్టైన్‌బెర్గ్ కంపెనీ తెచ్చిన వీఎస్‌టీ పద్ధతి 1999లో వాద్యాలకీ అందాక, వాద్యం మొత్తం కంప్యూటర్లోనే కూర్చుంది. ఇది అర్థం కావడానికి పియానో అక్కర్లేదు, కాటా రాయి చాలు. పూర్ణా మార్కెట్లో ఎలక్ట్రానిక్ కాటాలు ఎన్ని వచ్చినా ఇనప రాళ్ళు పళ్ళెంలో వేసి తూచేవాళ్ళు ఇంకా ఉన్నారు. మైకు పట్టుకుని అడిగితే కూరల గంపల వెనకున్న పెద్దావిడ నవ్వింది.

“ఏటి నాయినా, రాళ్ళ సప్పుడు అట్టుకెళ్ళి ఏటి సేసుకుంటావు?”

“పాటలో వేస్తానమ్మా.”

“అయితే ఉండు, గట్టిగా కొడతాను.”

గట్టి దెబ్బ ఒక్కటే చాలదు. మెల్లగా ఆన్చిన చప్పుడు కావాలి, మామూలుగా వేసినదీ కావాలి, విసిరినట్టు వేసినదీ కావాలి. మెల్లగా పడ్డ రాయి చప్పుడుని వాల్యూమ్ పెంచి వింటే గట్టిగా పడ్డ రాయి అవదు. గట్టిగా పడ్డప్పుడు పళ్ళెం అంచు కూడా ఖంగుమంటుంది, ధ్వని రంగే మారిపోతుంది. కాబట్టి ఒక్కో బలానికి ఒక్కో రికార్డింగ్. మిడిలో ఆ బలం 127 దాకా వెళ్తుంది. 40 లోపు నొక్కితే మెల్లని రాయి, 100 దాటితే విసిరిన రాయి పలికేట్టు పెట్టుకున్నాను. ఇంకోటుంది. ఒకే రికార్డింగ్ వరసగా నాలుగుసార్లు మోగితే అది యంత్రమని చెవి ఇట్టే పట్టేస్తుంది, మనిషి చేతిలో ఏ రెండు దెబ్బలూ ఒకలా ఉండవు మరి. అందుకని ఒక్కో బలానికీ నాలుగైదు దెబ్బలు తీసుకుని వంతులవారీగా పలికిస్తాం. రౌండ్ రాబిన్ అంటారు దీన్ని. అరకిలో రాయికి సన్నని మోత, రెండు కిలోల రాయికి బండ మోత. తనకా బుసబుసతో చేసిన తాళాన్ని నేను వీటికి అప్పజెప్పాను.

రాయి ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. బాణీ పట్టుకునే సన్నాయి అలా కాదు. స్వరం పుట్టాక కూడా వాయించేవాడు దాన్ని పెంచుతాడు, తగ్గిస్తాడు, ఊపుతాడు, మధ్యలో ఊపిరి తీసుకుంటాడు. కంప్యూటర్ వాద్యానికి ఊపిరి అక్కర్లేదు కాబట్టి కొత్తవాళ్ళు ఎడతెగకుండా స్వరాలు రాసేస్తారు. మనిషి ఊదలేనిది సన్నాయిలా వినపడదు. పాడుతూ రాసుకోవాలి, మన ఊపిరి ఆగినచోట స్వరమూ ఆగాలి. బిగువు తగ్గించి పెంచడానికి మాడ్యులేషన్ చక్రం మీద ఎడమచెయ్యి ఎప్పుడూ కదులుతూ ఉండాలి. గమకానికి పిచ్ బెండ్ చక్రం. మామూలుగా అది పైకి రెండు అరస్వరాలు, కిందికి రెండు అరస్వరాలే వంగుతుంది. జారుకి అది చాలదు, పరిధి పెంచుకోవాలి. పెంచితే చిన్న కంపితం పట్టు తప్పుతుంది. ఏ పరిధిలో చెయ్యి కుదురుతుందో సాధన చేసి తెలుసుకోవలసిందే.

పరాయి పెట్టెలో మన గమకం పలుకుతుందా అని అడిగేవాళ్ళకి ఈ ఊళ్ళోనే జవాబుంది. విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పట్టుకున్నది పడమటి నుంచి వచ్చిన వయొలిన్‌నే. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయి, ఆ వాద్యాన్ని కర్ణాటక సంగీతంలో సోలో కచేరీ స్థాయిలో నిలబెట్టినవాళ్ళలో ముందువరసలో ఉన్నారు. వాద్యం ఎక్కడిదైతేనేం, కమాను పట్టిన చెయ్యి మనది.

నా అమరికకి వస్తాను. కోరొబైనికి బాణీ పంచమం నుంచి ఒక్క దూకులో రిషభం మీదికి దిగి, అక్కణ్ణుంచి మెట్లెక్కుతుంది. స్వరాల మటుకు చూస్తే నఠభైరవి. అయితే తోడుగా వచ్చే కార్డుల్లో కాకలి నిషాదం చేరేసరికి కీరవాణి వాసన కొడుతుంది. నేను ఆ కార్డులు తీసేసి కింద షడ్జ పంచమాల శ్రుతి పెట్టాను. అలా చేస్తే రష్యా చలి కొంత పోతుంది, ఆ నష్టం నాకు తెలుసు. దానికి బదులుగా సన్నాయికి గాంధారం మీద ఊగేందుకు చోటు దొరికింది. మూడో ఆవృత్తిలో నడక తిశ్రానికి మారుతుంది, కాటా రాళ్ళు అక్కడ చెలరేగుతాయి. ముగింపు ఇంకో చిక్కు. ఆటలో పాటకి చివరంటూ ఉండదు, ఆడేవాడు ఓడిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది. మనం ముగింపు కట్టాలి. వాల్యూమ్ తగ్గిస్తూ పోవడం నాకు నచ్చదు. తాళం లెక్క వేసి ముక్తాయింపుతో దించాను.

కోరొబైనికి జానపదం కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. మారియో పాటో, ఫైనల్ ఫాంటసీ పాటో అమర్చి అమ్ముకోవాలంటే హక్కుదారుల అనుమతి తప్పదు.

ఇక మన వాద్యాల లోటు సంగతి. ఏ అంకెకి ఏ వాద్యమో చెబుతూ 1991లో కుదిరిన జనరల్ మిడి పట్టికలో 128 వాద్యాలున్నాయి. జపాన్ కోటో, షమిసెన్ ఉన్నాయి, సితారుంది, హిందుస్తానీ షెహనాయి ఉంది. వీణ లేదు, మృదంగం లేదు. తర్వాత వచ్చిన వర్చువల్ వాద్యాల ప్లగిన్లలో అవి దొరుకుతున్నాయిగానీ ఉత్తరాంధ్ర జముకు మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు. తోలు అడుగున్న కుండలాంటి దాంట్లోంచి తీగ బయటికి లాగి, దాని బిగువు మారుస్తూ మీటే వాద్యమది. కాటా రాయిలా ఒక్కో దెబ్బగా పట్టుకుంటే జముకు చచ్చిపోతుంది, తీగ బిగుసుకునే దారంతా రికార్డు కావాలి. జముకుల కథ చెప్పేవాళ్ళని పిలిచి, పగటికూలి లెక్కన కాకుండా వాద్యకారుల లెక్కన డబ్బిచ్చి, ప్లగిన్ మీద వాళ్ళ పేర్లు వేసి ఆ పని చెయ్యాలి. ముందుగా కావలసింది చప్పుడు బయటికి పోని గది, రెండు మంచి మైకులు.