నీలం కింద ఇనుము

ఈ బొమ్మల పుస్తకానికి ముందుమాట రాయమని వాటిని వేసిన పిల్ల అడిగినప్పుడు, బొమ్మలన్నీ చూశాకే రాస్తానన్నాను. మిక్స్‌డ్ మీడియా అంటే నాకు కాస్త అనుమానం. ప్రింటు మీద నాలుగు రంగులు పూసి, రెండు దారాలు కుట్టి, పాత కాగితం ముక్కొకటి అతికించి సరిపెట్టేయడం ఈమధ్య ఎక్కువైంది. ఈ జువ్వలదిన్నె పిల్ల ఆ దారిన పోలేదు.

ఆమె చేపట్టిన సయనోటైప్, అంటే ఎండతో నీలి బొమ్మ తేల్చే అచ్చు, పాత విద్యే. 1842లో సర్ జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటేడే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు పాచిని కాగితం మీద పరిచి, ఎండకు పెట్టి, ఆ నీడల్ని పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకం అదేనంటారు. ఆ తర్వాత నీలం ఇంజినీర్ల చేతికి పోయింది. నాలాంటి డ్రాఫ్ట్స్‌మన్‌కి అది ఫెర్రో ప్రింటు. తూములూ కల్వర్టులూ తెల్లగీతల్లో కనబడే కాగితం, అంతే. దాన్ని బొమ్మగా చూసిన పాపాన మేమెవరమూ పోలేదు.

ఈ పిల్ల చేతిలో ఆ నీలం మళ్లీ సముద్రం ఒడ్డుకొచ్చింది. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ కలిపి పూసిన కాగితం మీద చినిగిన వల ముక్కో, బాలబంద తీగో పరిచి, పైన అద్దం పెట్టి ఎండలో ఉంచుతుంది. పసుపుపచ్చగా ఉన్న పూత నీలంగా మారి, ఆపైన బూడిదరంగులోకి దిగుతుంది. అప్పుడు కడగాలి. మా తీరం బోరు నీళ్లలో క్షారం ఉంటుంది, అది తగిలితే ఈ నీలం నిలవదు. అందుకని క్యాన్ నీళ్లు తెచ్చుకుని, మొదటి కడుగులో గూడూరు నిమ్మకాయ పిండుతుంది. లేత నీలాలు కొట్టుకుపోకుండా ఆ పులుపే కాపాడుతుంది.

అసలు పని ఆ తర్వాతే. నీలాన్ని చెడగొట్టే క్షారాన్నే ఆమె కుంచెకెక్కించింది. బట్టల సోడా నీళ్లతో గీసినచోట నీలం విరిగి, పసుపు మరక మిగులుతుంది. “తుప్పే తాతా ఇది” అంది నవ్వుతూ. ఆ మరక మీద కరక్కాయ కషాయం పూస్తే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు చేసేదీ ఇదే కదా! కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిమితో గీస్తే నలుపు తేలుతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి పుట్టించే నలుపే రెండుచోట్లా. ఫొటో విద్య, కలం విద్య వేరువేరనుకుంటాం. ఈ కాగితం మీద అవి ఒకే ఇంటివి.

‘చినిగిన వల’ అన్న బొమ్మ దగ్గర పాఠకులు కాసేపు ఆగాలి. వల నీడ తెల్లగా పడింది. కన్ను తెగినచోట మాత్రం నిజం నైలాన్ దారంతో, ఇంట్లో వాళ్లు వల బాగుచేసే ముడే వేసి, కాగితం మీదే కుట్టింది. నీడలో చిరిగింది దారంతో అతికింది. ఒక పక్క బెండు నీడ చుట్టూ కరక్కాయ నలుపు సన్నగా పాకింది. ఇంకేమీ చేర్చలేదు. ఎక్కడ చెయ్యి ఆపాలో తెలిసిన బొమ్మ అది.

అన్నీ అలాగే ఉన్నాయని అనను. బంగారు రంగు పూసిన మూడు పడవల బొమ్మలూ నాకు నచ్చలేదు. ఆ మెరుపుకి కింద ఉన్న ఇనుముతో చుట్టరికం లేదు. ఆ మాట ఆమెతో అన్నాను. తీసెయ్యనంది. పుస్తకం ఆమెది, పంతమూ ఆమెదే. నాకది నచ్చింది.

ఈ బొమ్మలు కొనుక్కునేవాళ్లకి ఒక మాట. ఎండ సూటిగా పడే గోడకి తగిలించకండి. కాస్త వెలిసినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, కొన్నాళ్లు చీకటి బీరువాలో ఉంచితే వెలుతురుకు పోయిన నీలం చాలావరకు తిరిగొస్తుంది. ఫ్రేము కట్టేవాడు సుద్ద కలిసిన అట్ట పెడతానంటే మాత్రం ఒప్పుకోకండి. క్షారం తిన్న నీలం చీకట్లో పెట్టినా రాదు.