ఏ రెండు బిందువుల మధ్య వోల్టేజి?

పదో తరగతి భౌతికశాస్త్రంలో చదివి మరిచిపోయే సూత్రాలలో ఇంట్లో నిత్యం పనికివచ్చేవి రెండున్నాయి. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, అంటే ప్రవాహానికి ఆ వస్తువు కలిగించే ఆటంకం ఓముల్లో వస్తుంది. ఆ రెంటినే గుణిస్తే సామర్థ్యం, అంటే సెకనుకు ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి వాట్లలో వస్తుంది. 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు తీసుకునే గీజరు నిరోధం సుమారు 26.4 ఓములనీ, సామర్థ్యం సుమారు 2,000 వాట్లనీ ఎవరైనా క్షణంలో తేల్చగలరు. లెక్క ఇంత తేలిక కావడం వల్లనే, అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న, అంటే ఆ వోల్టేజి ఏ రెండు బిందువుల మధ్యది అన్నది, చాలాసార్లు మరుగున పడిపోతుంది.

వీటిలో మొదటి సూత్రాన్ని 1827లో గ్రంథరూపంలో వెలువరించిన గియోర్గ్ సైమన్ ఓమ్ అప్పటికి కొన్నేళ్లుగా కొలోన్ నగరంలో పాఠశాల ఉపాధ్యాయుడు. ఆనాటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండకపోవడంతో ఆయన బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్‌ను ఆశ్రయించి, దాని ఒక కొసను మరిగే నీటి వేడిలోనూ రెండో కొసను మంచులోనూ ఉంచి, స్థిరమైన వోల్టేజి సాధించి, ఆ తరువాతే తీగల పొడవులు మారుస్తూ కరెంటును కొలిచాడు. కొలత నమ్మదగినదయ్యేదాకా లెక్కకు పూనుకోని ఆ ఓర్పు, సూత్రం కన్నా తక్కువ విలువైనదేమీ కాదు.

నిరోధాన్ని మల్టీమీటరుతో నేరుగా కొలవవచ్చు కదా అన్న సందేహానికి పాత ఫిలమెంటు బల్బే సమాధానం చెబుతుంది. వెలుగుతున్న 100 వాట్ల బల్బు నిరోధం లెక్క ప్రకారం 529 ఓములు కాగా, ఆర్పి చల్లారనిచ్చి మీటరు పెడితే అందులో పదోవంతు కూడా కనిపించదు, ఎందుకంటే టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. మీటరు తప్పు చెప్పలేదు. అది చల్లటి బల్బు గురించి చెప్పింది.

అసలైన పరీక్ష గీజరు ప్లగ్గు దగ్గర ఎదురవుతుంది. సాకెట్టులో పిన్ను వదులై, ఆ ఒక్క చోట అర ఓము నిరోధం చేరిందనుకుంటే, కరెంటు కొద్దిగా తగ్గి 8.5 ఆంపియర్లకు వస్తుంది. ఈ అర ఓములో ఎంత వేడి పుడుతుందో తెలుసుకోవడానికి 230 వోల్టులను వర్గం చేసి అర ఓముతో భాగించిన విద్యార్థికి లక్ష వాట్లు దాటిన అసంభవమైన జవాబు వస్తుంది. కారణం, ఆ 230 వోల్టులు మొత్తం సర్క్యూటువి, పిన్నువి కావు. పిన్ను మీద పడేది 8.5ను అర ఓముతో గుణించగా వచ్చే 4.25 వోల్టులు మాత్రమే, అక్కడ పుట్టే వేడి 36 వాట్లు. సంఖ్య చిన్నదిగా కనిపించినా అది 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ ఇచ్చే వేడి కంటే ఎక్కువ, పైగా ఒక ఇత్తడి పిన్ను కొసన పోగుపడేది కాబట్టి ప్లగ్గు గోధుమరంగుకు తిరిగి, తరువాత నల్లబడి, చివరికి కమురు వాసన వేస్తుంది. నీళ్లు మాత్రం దాదాపు ఎప్పటిలాగే కాగుతుంటాయి గనుక ఇంట్లోవారికి అనుమానం రాదు.

ఈ లోపాన్ని పట్టుకోవడంలో పనివాడి నేర్పు తెలుస్తుంది. గీజరు ఆపి చూస్తే, కరెంటు పారనప్పుడు నిరోధం మీద వోల్టేజి పడదు కాబట్టి, వదులు పిన్ను దాటాక కూడా నిండుగా 230 వోల్టులే కనిపిస్తాయి; టెస్టరూ వెలుగుతుంది. ఓముల రేంజిలో పెడితే మల్టీమీటరు వైర్ల నిరోధమే అందులో కలిసి అర ఓమును కప్పేయవచ్చు. లోడు నడుస్తుండగా ఆ అతుకుకు ఇరువైపులా వోల్టేజి కొలిచి, క్లాంప్ మీటరు చూపిన కరెంటుతో భాగించడమే నిక్కమైన దారి, అయితే ఇది కరెంటు పారుతుండగా చేసే పని గనుక అనుభవజ్ఞులకే వదిలిపెట్టాలి.

పొలంలో మోటారుకు లాగిన కేబులుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 10 ఆంపియర్లు తీసుకునే సింగిల్ ఫేజ్ మోటారు వంద మీటర్ల దూరాన ఉంటే, పోనూ రానూ రెండు వందల మీటర్ల రాగి తీగ లెక్కకు వస్తుంది. తీగ ఒక చదరపు మిల్లీమీటరుదైతే నిరోధం సుమారు 3.4 ఓములు, దారిలో పోయే వోల్టేజి 34, వృథా అయ్యే సామర్థ్యం 340 వాట్లు. రెండున్నర చదరపు మిల్లీమీటర్లదైతే ఆ నష్టం 140 వాట్లకు లోపే. వోల్టేజి పడిపోతే హీటరు తక్కువ కరెంటు తీసుకుని సరిపెట్టుకుంటుంది గానీ, అంతే నీటిని తోడవలసిన మోటారు మామూలుగా మరింత కరెంటు లాగుతుంది, వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, వైండింగు కాలేది అందుకే. మోటారు విషయంలో వోల్టేజినీ కరెంటునూ గుణిస్తే నేరుగా వాట్లు రావు, పవర్ ఫ్యాక్టరు కూడా కలపాలి. భాగిస్తే వచ్చేదీ వైండింగు నిరోధం కాదు. కేబులుకు మాత్రం సూత్రం ఉన్నదున్నట్టు సరిపోతుంది. మోటారు నడుస్తుండగా మీటరు బోర్డు దగ్గరా, మోటారు దగ్గరా వోల్టేజి కొలిచి, తేడాను కరెంటుతో భాగించగా సుమారుగా వచ్చిన నిరోధం తీగ మందానికీ పొడవుకూ రావలసిన దానికంటే గణనీయంగా ఎక్కువైతే, ముందుగా విప్పి చూడవలసింది దారిలో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులను.